కిటికీలో చిన్న తలుపు

కరగండా, గని కాలనీ
29 ఆగస్టు 2004

ఇర్మక్కకు,

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేస్తే ఎత్తవేంటే అని తిట్టావు. ఎత్తి ఏం చెయ్యమంటావు? ఇరవై ఏడేళ్ళు బొగ్గు జల్లెడ పక్కన నిలబడ్డ చెవులివి. ఫోన్లో నువ్వు మాట్లాడుతుంటే ఎవరో దూరంగా దుప్పటి దులుపుతున్నట్టుంటుంది నాకు. మనిద్దరికీ కాగితమే గతి.

ఇక్కడ పెద్ద విశేషం చెప్పనా? మా ఇంటికి కొత్త కిటికీలు వస్తున్నాయి. తెల్లటి ప్లాస్టిక్ కిటికీలు. దౌరెన్ గనిలో మొన్నే ఫోర్‌మన్ అయ్యాడు కదా, ఆ గొప్ప ఎక్కడో ఒకచోట చూపించుకోవాలిగా. "అమ్మా, ఇంకెన్నాళ్ళే ఈ దూదీ, ఈ జిగురూ? కాలనీ అంతా మార్చేసుకున్నారు, మనమే మిగిలాం" అన్నాడు. "నేనేమన్నా నిన్ను స్టూలెక్కమన్నానా?" అన్నాను. "నువ్వెక్కుతున్నావుగా, అదేగా నా భయం" అన్నాడు. వాడి నోటికి తాళం వెయ్యగలమా! నేనింకా ఏదో అనబోతుంటే కోడలు గౌహర్ బిడ్డను ఎత్తుకొచ్చి, "అత్తయ్యా, సందుల్లోంచి చలిగాలి కొడితే వీడికి జలుబు పట్టుకుంటుంది" అంది. అంతే, సరేనన్నాను. మనవడు అలికేన్‌కి అక్టోబరుకి ఐదు నెలలు నిండుతాయి. వాడి ముక్కు కారితే నా ప్రాణం పోతుంది.

సరే కానీ, అక్టోబరు మొదటి ఆదివారాలు గుర్తున్నాయా నీకు? నువ్వు జర్మనీ వెళ్ళి పదకొండేళ్ళయింది. ఒకే కప్పు కింద, ఒకే గోడకి అటు నీ ఇల్లు, ఇటు నా ఇల్లు. ముందు మీ కిటికీలు, తర్వాత మావి. కొట్టంలోంచి చలికాలానికి బిగించే లోపలి కిటికీ చట్రాలు మోసుకురావడం, రెండు చట్రాల మధ్యన దూది పరచడం, తేమ లాగడానికి గ్లాసుడు ఉప్పు పెట్టడం, అందం కోసం దూది మీద ఎర్రపళ్ళ గుత్తి పెట్టడం. నువ్వు మైదాపిండి జిగురు ఉడికించేదానివి, నేను పాత కాగితాలు పట్టీలుగా కోసేదాన్ని. పట్టీ సందు మీద పెట్టి బొటనవేలితో ఒక్కటే ఈడ్పు. "ముడత పడిందంటే ఏప్రిల్ దాకా దాన్నే చూస్తూ కూర్చోవాలి, జాగ్రత్తగా అంటించవే" అనేదానివి. నేను పెళ్ళై వచ్చిన కొత్తల్లో వేసిన పట్టీలన్నీ ముడతలే. ఆ జిగురు వాసన ఇప్పటికీ నన్ను వదల్లేదు అక్కా.

కిటికీ పై మూలనుండే చిన్న తలుపు ఒక్కటీ అంటించకుండా వదిలేవాళ్ళం. దానికి కొక్కెం కట్టి నువ్వు మీ పందికొవ్వు సంచి బయట వేలాడదీసేదానివి, నేను మా గుర్రపుమాంసం సంచి. మంచులో రెండూ రాళ్ళయ్యేవి. గాలికి మీ సంచి ఊగి మా సంచికి తగిలితే మైలపడుతుందని మా అత్తగారు కర్ర పట్టుకుని కాపలా కూర్చోవడం, వీక్తర్ బావ కావాలని తాడు పొడుగు వదలడం! మా ఆయన సాబిత్ అయితే నవ్వు ఆపుకోలేక దుప్పట్లో మొహం దాచుకునేవాడు. ఇద్దరూ పోయారు. ఆ నవ్వులు కూడా వాళ్ళతోనే పోయాయి.

కొత్త కిటికీలొస్తే ఇక ఆ ఆదివారం ఉండదు. వయసైపోయిన ఆడదానికి ఒక పని తగ్గిందని సంతోషించాలో, ఏడవాలో తెలియట్లేదు.

నీ కుల్పాష్


డెట్మోల్డ్
20 సెప్టెంబరు 2004

ఒసే కుల్పాష్,

నీ ఉత్తరం చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. మీ అత్తగారి కర్ర! ఆవిడ పోయేదాకా నన్ను "పంది సంచి పిల్లా" అనే పిలిచింది, గుర్తుందా? ఆ పిలుపు కోసం ఇప్పుడు ఎంత ఇచ్చుకోమన్నా ఇచ్చుకుంటాను.

ఇక్కడ నాకున్నవి అలాంటి ప్లాస్టిక్ కిటికీలే. మూస్తే వీధిలో లారీ పోయినా తెలియదు. మొదటి రోజు లోపల ఊపిరాడక గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వారం తిరిగేసరికి ఇంటి ఓనరు తలుపుకి ఒక చీటీ అంటించాడు: పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు కిటికీలు బార్లా తెరవాలట, లేకపోతే గోడలకి బూజు పడుతుందట! గాలి రాకుండా ఉండడానికి అంత ఖర్చుపెట్టి కిటికీ పెట్టడం, మళ్ళీ గాలి రావడానికి చీటీ అంటించడం. ఇది వీళ్ళ తెలివి. మనకైతే గాలి అడక్కుండానే వచ్చేది.

నీ పట్టీల ముడతలు నాకు బాగా గుర్తు. వాటిని చూస్తూ చలికాలాలు గడిపాను. తర్వాత్తర్వాత నాకన్నా బాగా అంటించేదానివి. ఆ మాట అప్పుడు చెప్పలేదు, నెత్తినెక్కి కూర్చుంటావని.

ఒక మాట చెప్తాను, విను. మీ ఇంట్లో బొగ్గు పొయ్యి ఇంకా అలాగే ఉందా? ఉంటే, పొయ్యి గది కిటికీ మాత్రం మార్చకండి. మిగతావి మార్చుకోండి, పొయ్యి గదిది పాతదే ఉండనివ్వు. ఎందుకని అడక్కు. నీకన్నా ఐదేళ్ళు పెద్దదాన్ని, ఆ మాత్రం మాట చెల్లనివ్వు.

బిడ్డకు నా ముద్దులు.

ఇర్మా


కరగండా, గని కాలనీ
17 అక్టోబరు 2004

ఇర్మక్కకు,

నీ ఉత్తరం వచ్చేసరికే కిటికీలు పెట్టేశారు. ఏం చెయ్యను, నీ మాట మూడు వారాలు ప్రయాణం చేసింది. పొయ్యి గదిది కూడా మార్చేశారు. పైగా దానికి తెరిచే ఏర్పాటు లేదు, మొత్తం ఒకే అద్దం. తెరుచుకునేదానికి ధర ఎక్కువట. పెట్టడానికొచ్చినవాడు "పొయ్యి గది కిటికీ ఎవరు తెరుస్తారు పిన్నీ? వేడంతా పోదూ?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. నువ్వెందుకు వద్దన్నావో చెప్పనూ లేదు. పెద్దరికం చూపిస్తే సరిపోతుందా అక్కా?

పాత చట్రాలు ఊడదీసినప్పుడు చూడాల్సింది! సందుల నిండా మన దూది. నల్లబడిపోయి చిక్కుపడిపోయిన మన దూది! ఒకచోట చట్రం వెనకాల దౌరెన్ రెండో తరగతి లెక్కల పుస్తకం కాగితం దొరికింది, ఎర్ర సిరాతో టీచరు పెట్టిన తప్పు గుర్తులతో సహా. గౌహర్ దాన్ని చదివి "ఫోర్‌మన్ గారికి ఏడెనిమిదులెంతో తెలియదన్నమాట" అని మొగుణ్ణి రోజంతా ఏడిపించింది. ఆ చట్రాలను పెరట్లో పడేశారు. వాన పడితే తడిసిపోతాయని దుప్పటి కప్పి వచ్చాను. "పారేసేవాటికి దుప్పటెందుకమ్మా" అని దౌరెన్ నవ్వాడు. నవ్వనీ.

కానీ ఇల్లు ఎంత వెచ్చగా ఉందో చెప్పలేను. దీపం పెడితే జ్వాల కదలదు. పొయ్యి మాత్రం కాస్త మొరాయిస్తోంది, పొగ ఒక్కోసారి వెనక్కి తన్నుతోంది. గౌహర్‌కి రోజూ తలనొప్పి, బాలింత కదా, ఒళ్ళు కుదురుకోవాలి. నాకూ పొద్దున లేవగానే తల బరువుగా ఉంటోంది, వయసు. బిడ్డ మాత్రం ఎంత బాగా నిద్రపోతున్నాడో! ఊయల పొయ్యి గదిలోనే వేశాం, అక్కడైతే వెచ్చగా ఉంటుందని. ఇదివరకు గంటకోసారి లేచి ఏడ్చేవాడు, ఇప్పుడు లేపితే గానీ లేవడు. బుగ్గలు రెండూ ఎర్రగా, పండులా ఉంటాయి. నువ్వు చూస్తే కొరికేస్తావు.

నీ కుల్పాష్


డెట్మోల్డ్
4 నవంబరు 2004

కుల్పాష్,

ఇది చదవడం ఆపి ముందు తలుపు బార్లా తెరువు. బిడ్డను బయటికి తీసుకెళ్ళు. తర్వాత మిగతాది చదువు.

తెరిచావా?

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. వెంటనే దౌరెన్‌కి ఫోన్ చేశాను. పొయ్యి వెలిగించొద్దు, అద్దం పగలగొట్టు అన్నాను. "పెద్దమ్మా, మీకు జర్మనీలో పనేం లేదా? ఊళ్ళో అందరికీ ఇవే కిటికీలు" అని నవ్వాడు. మళ్ళీ చేశాను. గౌహర్ ఎత్తి మర్యాదగా "చూస్తాం పెద్దమ్మా" అంది. చూస్తాం అంటే చూడరు. నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. ఈ ఉత్తరం చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో వేళ్ళ మీద లెక్కేస్తున్నాను. వాళ్ళు నవ్వినా నువ్వు నవ్వవు.

బుగ్గలు ఎర్రగా ఉన్నాయని రాశావు. ఆ ఎరుపు నేను చూశాను. నా బిడ్డ నెల్లీ పోయిన రోజు దాని బుగ్గలు కూడా అలాగే ఉన్నాయి. నీకూ గుర్తుండే ఉంటుంది. నన్ను మంచులోకి ఈడ్చుకొచ్చింది నువ్వేగా.

నలభై ఒక్క ఏళ్ళుగా మనం ఆ రోజు గురించి ఒక్క మాటైనా అనుకోలేదు. డాక్టరు ఏమని రాశాడో నీకు తెలుసు. మంచుతుఫాను గాలి పొగగొట్టంలోంచి వెనక్కి కొట్టింది, బొగ్గు విషగాలి ఇంట్లో నిండింది అని. ఎవరి తప్పూ లేదని వీక్తర్ కూడా నమ్మాడు. నేను నమ్మనిచ్చాను. చనిపోయేదాకా ఆయనకు చెప్పలేదు.

గాలి కాదు కుల్పాష్. నేనే. గని దీపాల గదిలో రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఇంటికొచ్చాను. మీ ఇంట్లోంచి నెల్లీని తెచ్చుకుని పొయ్యి రాజేశాను. కళ్ళు మూతలు పడుతున్నాయి. బొగ్గు మీద నీలి మంటలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. అవి ఆరేదాకా పొగగొట్టం మూత తోసి మూసెయ్యకూడదని, మూస్తే విషగాలి గదిలోనే ఉండిపోతుందని మా పిన్ని నాకు చిన్నప్పుడే నేర్పింది. నేను ఆగలేదు. వేడి పోతుంది, కాస్త ముందుగా తోస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. మూత తోసేసి దాన్ని పక్కలో వేసుకుని పడుకున్నాను. పది నిమిషాలు కూర్చుని ఉంటే సరిపోయేది.

నేను పాపిష్టిదాన్నే. నన్ను అసహ్యించుకున్నా సరే, ఆ బిడ్డను మాత్రం ఆ గదిలో పడుకోబెట్టకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఇర్మా


కరగండా, గని కాలనీ
21 నవంబరు 2004

అక్కా,

బిడ్డ బాగున్నాడు. ముందు అది చదువుకో. బాగున్నాడు, ఇప్పుడే గంజి తిని నా ఒళ్ళో ఉమ్మేశాడు.

నీ ఉత్తరం మొన్న మధ్యాహ్నం వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుని కవరు చింపాను. గౌహర్ తలకి గుడ్డ కట్టుకుని పడుకుంది. అలికేన్ ఊయల్లో ఉన్నాడు. మొదటి రెండు వాక్యాలు చదివానో లేదో బిడ్డను ఎత్తాను. తల వాలిపోయింది అక్కా! మెత్తగా వాలిపోయింది. నేనెలా లేచానో, తలుపెలా తీశానో తెలియదు. వాడిని మంచులో పట్టుకుని నిలబడ్డాను. చెప్పులు కూడా లేవు. వీపు మీద చరిచాను, చెంప మీద కొట్టాను. అప్పుడు ఏడ్చాడు. ఫోన్ వినపడని ఈ చెవులకి వాడి ఏడుపు కాలనీ అంతా అదిరిపోయినట్టు వినపడింది.

బిడ్డను పక్కింటి డ్రైవర్ భార్య చేతిలో పెట్టి, గౌహర్‌ని లేపి బయటికి తోశాను. తర్వాత బొగ్గు కొట్టే సుత్తి తీసుకుని ఆ కొత్త అద్దం మీద వేశాను. రెండు పొరల అద్దం కదా, మొదటి దెబ్బకి లోపలిదే పోయింది. రెండో దెబ్బకి రెండోది పోయింది. దౌరెన్ షిఫ్టు నుంచి వచ్చి "అమ్మా, నీకేమైనా మతి పోయిందా?" అని అరిచాడు. "పోలేదురా, ఇప్పుడే వచ్చింది" అన్నాను. పొగగొట్టాలు చూసే మనిషిని పిలిపించాడు. ఆయన గొట్టంలో చెయ్యి పెట్టి, కిటికీలు చూసి, దౌరెన్‌ని బయటికి తీసుకెళ్ళి మాట్లాడాడు. పాత కిటికీల సందుల్లోంచే ఇన్నాళ్ళూ పొయ్యి ఊపిరి తీసుకుందట. మనం దాని గొంతు నొక్కేశామట. తిరిగొచ్చాక నా కొడుకు మొహం చూడలేకపోయాను. గోడకానుకుని కూర్చుండిపోయాడు. ఇప్పుడు పొయ్యి గదికి పై మూలన చిన్న తలుపున్న కిటికీ చేయిస్తున్నాడు. అప్పటిదాకా చెక్క పలక కొట్టి మధ్యలో కన్నం పెట్టాం. పొయ్యి బాగా మండుతోంది. చలిగా ఉంది, ఉండనీ.

ఇక నీ ఉత్తరంలో రెండో సగానికి జవాబు. రెండు రోజులు కలం పట్టుకుని కూర్చున్నాను.

నువ్వు కాదు అక్కా. నేను.

అది జరిగిన ముందు రోజు సాయంత్రం నువ్వు పాపని మా ఇంట్లో వదిలి షిఫ్టుకి వెళ్ళాక పాప బట్టల కోసం మీ ఇంటికొచ్చాను. తుఫాను అప్పుడే మొదలైంది. చిన్న తలుపు సందులోంచి మంచుపొడి రాలి సరిగ్గా పాప ఊయల మీద పడుతోంది. అది అంటించకూడదని నువ్వు చెప్పావు, విన్నాను. కానీ ఇంత గాలిలో ఒక్క రాత్రికి ఏమవుతుందిలే, పొద్దున్నే అక్క చూసి సంతోషిస్తుంది అనుకున్నాను. ఇంటికెళ్ళి జిగురు ఉడికించి, పట్టీలు కోసి, స్టూలెక్కి ఆ చిన్న తలుపు చుట్టూ అంటించాను. తీరిగ్గా అంటించాను అక్కా. బొటనవేలితో నొక్కి నొక్కి, నువ్వు నేర్పినట్టే. ఒక్క ముడత కూడా పడలేదు. "ఎంత బాగా అంటించావే" అంటావని పొద్దుటిదాకా ఎదురుచూశాను.

నువ్వు మూత ముందుగా తోసుంటావు, సరే. చిన్న తలుపు తెరిచి ఉంటే గాలి ఆడేది. మహా అయితే ఇద్దరూ తలనొప్పితో లేచేవాళ్ళు.

మూడో రోజు నీ దగ్గర కూర్చోవడానికి వచ్చినప్పుడు తలెత్తి చూశాను. పట్టీలు లేవు. ఒక్క ముక్క కూడా లేదు, చెక్క మీద జిగురు మరక కూడా లేదు. నాకు పిచ్చి పట్టిందనుకున్నాను. అసలు అంటించానా, కలగన్నానా అని నన్ను నేనే నలభై ఏళ్ళు ప్రశ్నించుకున్నాను. కలే అయ్యుంటుందని నమ్మాలని చూశాను. నమ్మలేకపోయాను. అందుకే ఆ తర్వాత మీ ఇంటి చిన్న తలుపు దగ్గరికి జిగురుతో ఎవర్నీ రానిచ్చేదాన్ని కాదు, నువ్వు దాన్ని నా ప్రేమ అనుకునేదానివి. ప్రతి అక్టోబరు నీ ఎదురుగా స్టూలెక్కి ఇవాళ చెప్పేస్తాను అనుకునేదాన్ని. సాయంత్రం నువ్వు టీ పోసేదానివి. నేను తాగి ఇంటికొచ్చేసేదాన్ని.

నిన్ను నువ్వు పాపిష్టిదానివని రాసుకున్నావే, ఆ అక్షరాలు చూడలేక కాగితం బోర్లించేశాను. ఇప్పుడు చెప్పాను. ఇక నువ్వు ఉత్తరం రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

కుల్పాష్


డెట్మోల్డ్
10 డిసెంబరు 2004

కుల్పాష్, నా చెల్లీ,

బిడ్డ నీ ఒళ్ళో ఉమ్మేశాడన్న వాక్యం ఎన్నిసార్లు చదివానో! కాగితం మడత దగ్గర చిరిగిపోయింది.

ఆ పట్టీలు నేనే పీకాను.

ఆ రోజు సాయంత్రం నెల్లీని బల్ల మీద పడుకోబెట్టి అందరూ బయటికెళ్ళాక తలెత్తి చూశాను. చిన్న తలుపు చుట్టూ తెల్లగా పట్టీలు. స్టూలెక్కాను. అవి కజక్ పత్రిక కాగితాలు. మా ఇంట్లో కజక్ పత్రిక ఎవరు చదువుతారే? మన వీధి మొత్తంలో అది తెప్పించేది సాబిత్ ఒక్కడే. నాకు ఆ భాష రాదు, కానీ ఆ కాగితాలు ఎవరింటివో తెలుసు. మర్నాడు విచారణకి మిలీషియా పోలీసు వస్తాడనీ తెలుసు. గోళ్ళతో పీకాను. తడిగుడ్డతో జిగురు తుడిచాను. అన్నీ పొయ్యిలో వేశాను. అందుకే నీకు మరక కూడా కనిపించలేదు. నువ్వు కలగనలేదు.

నీ మీద కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. గోడవతల నీ దగ్గు వినిపిస్తే తలగడ చెవులకి అదుముకునేదాన్ని. నీకు బుద్ధి లేదా, అంటించొద్దని చెప్పానా లేదా అని గోడ వైపు తిరిగి గొణుక్కునేదాన్ని. ఒకసారి లేచి మీ గుమ్మం దాకా కూడా వచ్చాను, అరుద్దామని. తలుపు సందులోంచి నువ్వు కనిపించావు. పందొమ్మిదేళ్ళ పిల్లవి, మా నెల్లీ గౌను మడతపెట్టడం రాక విప్పి మళ్ళీ మడతపెడుతున్నావు. వెనక్కి వచ్చేశాను.

చెప్తే నిన్ను తీసుకెళ్ళేవాళ్ళు. తీసుకెళ్ళకపోయినా మీ అత్తగారు ఇంట్లో ఉండనిచ్చేది కాదు. యుద్ధకాలంలో జర్మన్లమని వోల్గా ఒడ్డు నుంచి మమ్మల్ని తరిమేసినప్పుడు మా అమ్మ ఆ రైల్లోనే పోయింది, నాకు మొహం కూడా తెలియదు. నెల్లీ పోయింది. నువ్వు కూడా పోతే ఆ కాలనీలో నేను ఎవరితో మాట్లాడను? నీ కోసం దాచానని గొప్పలు చెప్పుకోను. నా కోసమే దాచాను. పైగా మూత తోసింది నేనే, అది ఎప్పుడూ మర్చిపోలేదు. నువ్వు కూడా మర్చిపోకు. మొత్తం నీ నెత్తినేసుకుంటే ఊరుకోను.

నీకు తెలియనిది ఇంకోటి ఉంది. శుక్రవారం శుక్రవారం పోయినవాళ్ళ పేరున ఏడు రొట్టెలు వేయించి ఇళ్ళకి పంచుతారు కదా మీవాళ్ళు. ఆ ఏడాది వసంతం నుంచి నీ పళ్ళెంలో ఎనిమిది ఉండేవి. ఏడు వీధికి వెళ్ళేవి, ఎనిమిదోది గుడ్డలో చుట్టి మా గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయేదానివి. ఇది లూథరన్లకి పనికొస్తుందా అని వీక్తర్ అడిగితే, నోరు మూసుకుని తిను అన్నాను. ముప్ఫై ఏళ్ళు తిన్నాను. అది ఎవరి రొట్టో నీకు తెలుసు, నాకూ తెలుసు.

పంచేటప్పుడు మీరు పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ పైకి చెప్తారు. గోడవతల నుంచి విన్నాను, మీ మామగారి పేరు, తాతల పేర్లు, తర్వాత్తర్వాత సాబిత్ పేరు కూడా. ఎనిమిదోదానికి మాత్రం ఎప్పుడూ చప్పుడు లేదు. నలభై ఒక్క ఏళ్ళలో నీ నోట ఆ పేరు రాలేదు. మొన్నటి ఉత్తరంలో కూడా పాప, పాప అనే రాశావు.

వచ్చే శుక్రవారం ఎనిమిదోది వేయించేటప్పుడు ఆ పేరు పైకి చెప్పు. గట్టిగా చెప్పు, నీ చెవులకి కూడా వినపడేలా. నెల్లీ అను.

నీ అక్క
ఇర్మా